విదేశీ విద్యార్థులతో అరకు: క్లబ్ ట్రిప్ వేసేవాళ్లకి నా సూచనలు

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మన పక్క బెంచీల్లోనే ఇథియోపియా, టాంజానియా, నేపాల్, భూటాన్, శ్రీలంక, ఆఫ్ఘనిస్తాన్ పిల్లలు చదువుకుంటున్నారు. కొందరు డిగ్రీ పూర్తయ్యేదాకా ఉంటారు, కొందరు ఒక్క సెమిస్టర్ కోసం వచ్చి వెళ్లిపోతారు. చాలామందితో మన పరిచయం కారిడార్‌లో ఒక నవ్వు, పరీక్షల ముందు నోట్సు అడగడం, అంతటితో సరి. ఒక రాత్రి ఊరి బయట కలిసి గడిపితే ఈ దూరం తగ్గుతుందని నాకు గట్టి నమ్మకం. అందుకే మా నేచర్ క్లబ్ శీతాకాలం ట్రిప్‌లో వాళ్లని తప్పకుండా కలుపుకుంటాం. ఆ ఏర్పాట్లు చూసేది నేనే. మిగతా క్లబ్బుల వాళ్లు వచ్చి ఎలా చేస్తారని అడుగుతుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నాది శృంగవరపుకోట (ఎస్.కోట). అరకు ఘాట్ రోడ్డు ఎక్కాలంటే మా ఊరు దాటాల్సిందే. నాన్న ఆ రోడ్డు మీద టూరిస్టు బస్సు నడుపుతారు. ఘాట్ గురించి నేను చెప్పేదంతా నాన్న దగ్గర నేర్చుకున్నదే.

అన్నిటికంటే ముందు ఒక మాట. విదేశీ విద్యార్థుల్ని పెళ్లికొచ్చిన చుట్టాల్లా ఒక పక్కన కూర్చోబెట్టి మర్యాదలు చేయకండి. వాళ్లకీ పని ఇవ్వండి. డబ్బుల లెక్క, మందుల పెట్టె, తలల లెక్క, సాయంత్రం ఆటలు, పొద్దున అందర్నీ లేపడం, వీటిలో సగం పనులు వాళ్ల చేతిలో ఉండాలి. ప్లాన్ వేసే మొదటి మీటింగ్‌కే కనీసం ఇద్దరిని పిలవండి. అన్నీ మనమే నిర్ణయించి చివర్లో పోస్టర్ పంపితే వాళ్లు టికెట్ కొన్న ప్రయాణికుల్లాగే వస్తారు, అలాగే వెళ్లిపోతారు.

తేదీ ఎలా పెట్టాలి

అరకుకి నవంబర్ మధ్య నుంచి జనవరి దాకా మంచి కాలం. వలిసె పూలు విరగబూసి పొలాలన్నీ పసుపు రంగులో ఉంటాయి, పొద్దున్నే మంచు పడుతుంది. వానాకాలంలో కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి కానీ, కొండచరియలు విరిగి పట్టాల మీద పడి రైలు ఆగిపోయే రోజులుంటాయి. మొదటిసారి గ్రూపుని తీసుకెళ్లేవాళ్లు ఆ రిస్క్ పెట్టుకోవద్దు. సంక్రాంతి సెలవులు, సంవత్సరం చివరి వారం కూడా వదిలేయండి. ఘాట్ మీద కార్లు బారులు తీరిపోతాయి, గదుల రేట్లు పెరిగిపోతాయి.

మన క్యాలెండర్ ఒక్కటే చూస్తే చాలదు. ముస్లిం విద్యార్థులకి శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముఖ్యం, కాబట్టి శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగొచ్చేలా పెట్టుకోవడమే నయం. రంజాన్ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఏ నెలలో పడుతుందో ముందే చూసుకోండి. ఇంకొకటి చాలామందికి తెలియదు. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు క్రిస్మస్ జనవరి 7న చేసుకుంటారు. దానికి ముందు నవంబర్ చివరి నుంచి ఉపవాస దీక్షలో ఉంటారు. మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టరు. మన అరకు సీజను సరిగ్గా అదే కాలంలో వస్తుంది. అందుకని తేదీ మార్చనక్కర్లేదు, వంట మార్చుకుంటే చాలు. దాని సంగతి తిండి దగ్గర చెప్తాను.

కాగితాల పని ముందు, గది బుకింగ్ తర్వాత

క్లబ్బులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. విదేశీయులు ఎవరైనా హోటల్లో గానీ, గెస్ట్ హౌస్‌లో గానీ, హోమ్‌స్టేలో గానీ బస చేస్తే, ఆ యజమాని 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ఇమిగ్రేషన్ అధికారులకి పంపాలి. హోటళ్ల వాళ్లందరూ దీన్ని ఫారం సి అంటారు. కొండ మీద చిన్న చిన్న బసలు నడిపేవాళ్లలో చాలామందికి దీనికి కావలసిన రిజిస్ట్రేషన్ ఉండదు. ఫోన్లో సరేనంటారు, మనం సామాన్లతో దిగాక పాస్‌పోర్టులు చూసి కుదరదంటారు. చీకటి పడ్డాక, చలిలో, ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వేరే గదులు వెతకడం ఎవరికీ రాకూడదు. కాబట్టి గది రేటు అడగడానికి ముందే ఇలా అడగండి: "మా గ్రూపులో విదేశీ విద్యార్థులు ఉన్నారండి. ఫారం సి పంపడానికి మీ దగ్గర లాగిన్ ఉందా?" ఉందంటే వాట్సాప్‌లో రాయించుకోండి. నీళ్లు నమిలితే ఇంకో చోటు చూసుకోండి. పర్యాటక శాఖ వాళ్ల హరిత రిసార్టులు అరకులోనూ, అనంతగిరిలోనూ ఉన్నాయి. నేనైతే మొదటి ఫోన్ అక్కడికే చేస్తాను.

విదేశీ విద్యార్థులు ప్రతి ఒక్కరూ పాస్‌పోర్టు, వీసా, ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసు) ఇచ్చిన రెసిడెన్షియల్ పర్మిట్, యూనివర్సిటీ ఐడీ కార్డు తెచ్చుకోవాలి. 180 రోజులు దాటిన వీసా మీద వచ్చినవాళ్లు దేశంలో దిగిన 14 రోజుల్లో రిజిస్టర్ చేయించుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్లలో ఎవరిదైనా ఈ పని పెండింగ్‌లో ఉంటే ముందు అది పూర్తి చేయించండి, ట్రిప్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. నేపాల్, భూటాన్ పిల్లలకి వీసా అక్కర్లేదు. అయినా వాళ్ల దేశపు గుర్తింపు కార్డు అసలుది చేతిలో ఉండాలి. జిరాక్సులు రెండు సెట్లు తీయించండి. ఒకటి హోటల్‌కి, ఒకటి మీ ఫైల్లో. పాస్‌పోర్టులు మాత్రం మీరు పోగు చేసి సంచిలో పెట్టుకోవద్దు. ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి.

యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసుకి పేర్లు, తేదీలు, బస చేసే చోటు, బస్సు నంబరు రాసి లేఖ ఇవ్వండి. హాస్టల్ వార్డెన్‌కి ఇంకో కాపీ. లేఖలో జిల్లా పేరు సరిగ్గా రాయండి. అరకు ఇప్పుడు విశాఖపట్నం జిల్లాలో లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. పాత అలవాటు కొద్దీ విశాఖ అని రాస్తే ఆ లేఖ మళ్లీ వెనక్కి రావచ్చు.

మరో విషయం మొహమాటం లేకుండా మీటింగ్‌లోనే చెప్పాలి. ఏజెన్సీ నుంచి కిందికి దిగే వాహనాల్ని చెక్‌పోస్టుల దగ్గర గంజాయి కోసం సోదా చేస్తారు. దారిలో ఎవరైనా "ఈ పార్సిల్ కాస్త వైజాగ్‌లో దించండి" అంటే ఎవరూ ముట్టుకోకూడదు. మనవాళ్లకైనా జైలే. విదేశీ విద్యార్థికైతే దానితోపాటు వీసా, చదువు, స్కాలర్‌షిప్ అన్నీ పోతాయి. ఈ మాట వాళ్లని మాత్రమే పక్కకి పిలిచి చెప్పకండి. అందర్నీ కూర్చోబెట్టి, ముందు మన పిల్లలకే చెప్పండి.

డబ్బులు

అందరి దగ్గరా ఒకే మొత్తం తీసుకోండి. విదేశీయులు కదా అని ఎక్కువ అడగడం తప్పు. అతిథులని తక్కువ తీసుకోవడం కూడా నాకిష్టం ఉండదు. స్కాలర్‌షిప్ మీద బతికే పిల్లలకి డబ్బు ఏ తేదీన పడుతుందో చెప్పలేం కాబట్టి రెండు వాయిదాల్లో కట్టే వీలు ఇవ్వండి. ఒక సెమిస్టర్ కోసం వచ్చినవాళ్లలో చాలామందికి ఇక్కడ బ్యాంకు ఖాతా ఉండదు, ఫోన్‌పే పనిచేయదు. నగదు తీసుకుని, అక్కడే రసీదు రాసివ్వండి. కొన్ని చోట్ల విదేశీయులకి ప్రవేశ టికెట్ వేరే రేటు ఉంటుంది. ఆ తేడాని ముందే కనుక్కుని మొత్తం బడ్జెట్‌లో కలిపేయండి. కౌంటర్ దగ్గర నిలబెట్టి "నువ్వు ఇంకో రెండొందలు ఇవ్వాలి" అంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

పెద్ద ట్రిప్‌కి ముందు చిన్నది

అరకుకి రెండు వారాల ముందు ఒక పూట భీమిలి రోడ్డు మీద తిరిగి రండి. తొట్లకొండ ఎక్కండి. సముద్రం వైపు చూస్తూ ఉండే ఆ బౌద్ధ ఆరామం శిథిలాల దగ్గర శ్రీలంక, భూటాన్ పిల్లలు మనకంటే ఎక్కువసేపు నిలబడతారు. అక్కడ వాళ్లని చెప్పనివ్వండి. తర్వాత భీమిలిలో లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు చూసి సాయంత్రానికి వెనక్కి వచ్చేయొచ్చు. ఎవరు నెమ్మదిగా నడుస్తారు, ఎవరికి బస్సులో వాంతులవుతాయి, ఎవరు ఎవరితో కలుస్తారు, ఎవరు ఒంటరిగా మిగిలిపోతున్నారు, ఇవన్నీ ఆ ఒక్క పూటలో తెలిసిపోతాయి. గోస్తని నది సముద్రంలో కలిసేది భీమిలి దగ్గరే. అదే నదిని రెండు వారాల తర్వాత బొర్రా గుహల్లో చూస్తారని అప్పుడే చెప్పి ఉంచండి.

సముద్రం గురించి కచ్చితంగా ఉండాలి. ఇథియోపియా, నేపాల్, భూటాన్, ఆఫ్ఘనిస్తాన్, ఈ దేశాలకి సముద్రం లేదు. అక్కడి పిల్లల్లో కొందరు సముద్రాన్ని దగ్గరగా చూడడం వైజాగ్‌లోనే మొదటిసారి. నీళ్లలోకి పరిగెత్తాలనిపించడం సహజం. మన తీరంలో అడుగున లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి, ఈత వచ్చినవాళ్లు కూడా కొట్టుకుపోయారు. మోకాలి లోతు దాటి ఎవరూ వెళ్లకూడదని చెప్పండి. ఇద్దరు ఒడ్డునే ఉండి కాపలా కాయాలి. తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం మన ఊళ్లోనే ఉంది కాబట్టి నేవీ ప్రాంతాల వైపు కెమెరా తిప్పొద్దని, డ్రోన్ అసలు తేవద్దని కూడా చెప్పాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి చిన్న విషయం కూడా పెద్దదవుతుంది.

పైకి రైల్లో, కిందికి బస్సులో

నా సలహా ఇదే. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే రైలు పొద్దున ఏడు లోపే బయల్దేరుతుంది. బస్సు ఖాళీగా రోడ్డు మీద పైకి వచ్చి అరకులో కలుస్తుంది. తిరుగు ప్రయాణంలో బస్సుంటే దారిలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఐఆర్‌సీటీసీలో ఒక టికెట్‌పై ఆరుగురికి మించి ఎక్కించలేరు కాబట్టి ముగ్గురు నలుగురు ఒకేసారి కూర్చుని బుక్ చేయాలి. అద్దాల విస్టాడోమ్ కోచ్ బాగుంటుంది, కాదనను. కానీ గ్రూపుకి మామూలు పెట్టెనే ఇష్టపడతాను. కిటికీ తెరుచుకుంటుంది, గాలి తగులుతుంది, అమ్మకానికి వచ్చేవాళ్లు ఎక్కుతారు, సీట్లు మార్చుకుంటూ కూర్చోవచ్చు.

అరకు చేరేలోపు పదుల కొద్దీ సొరంగాలు వస్తాయి. చీకటి పడగానే పెట్టెలో ఉన్న పిల్లలందరూ ఈలలు, కేకలు. మొదటి సొరంగంలో విదేశీ పిల్లలు బిత్తరపోతారు, మూడోదానికి మనకంటే గట్టిగా అరుస్తారు. అరకు దాకా రైలు ఎక్కే కొండ ఎంతంటే, దారిలో వచ్చే శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే ఎత్తైనది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడం కోసం 1960లలో వేసిన లైను ఇది. మీ గ్రూపులో జపాన్ విద్యార్థి ఎవరైనా ఉంటే ఈ సంగతి తప్పక చెప్పండి, వాళ్లకి రైలు సొంతమైనట్టు అనిపిస్తుంది.

సీట్లు ముందే పంచండి. నలుగురికో జట్టు: ఇద్దరు మనవాళ్లు, ఇద్దరు బయటి దేశాల వాళ్లు, అదీ వేర్వేరు దేశాలవాళ్లు. ఎక్కినా దిగినా ఆ జట్టు నాయకుడు తన నలుగురిని చూసుకుని చెయ్యి ఎత్తితే చాలు. నలభై మందిని పేరుపేరునా పిలవక్కర్లేదు.

టైము చెప్పేటప్పుడు జాగ్రత్త. ఇథియోపియాలోనూ, స్వాహిలి మాట్లాడే చోట్లా రోజుని పొద్దున ఆరు నుంచి లెక్కపెడతారు. మనం ఏడు అనేది వాళ్ల ఇంటి లెక్కలో ఒంటిగంట. ఇక్కడ కొన్నాళ్లుగా ఉన్నవాళ్లకి అలవాటైపోయింది కానీ కొత్తవాళ్లు తికమక పడతారు. అందుకని మెసేజ్‌లో 06:00 అని అంకెల్లో పెట్టి, "సూర్యోదయం కాకముందే" అని కూడా రాయండి.

ఇక బస్సు. నాన్న మాటల్లో ఘాట్ సూత్రం ఒక్కటే: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగే డ్రైవర్‌ని నమ్మకూడదు. బస్సు మాట్లాడుకునేటప్పుడు "మీ డ్రైవర్ అరకు ఘాట్‌లో ఎన్నాళ్ల నుంచి నడుపుతున్నారు?" అని అడగండి. రాత్రి అతనికి మంచం, దుప్పటి, వేడి భోజనం ఏర్పాటు చేయడం క్లబ్ బాధ్యత. డ్రైవర్‌ని బస్సు సీటులోనే పడుకోబెట్టే గ్రూపులంటే నాన్నకి చాలా బాధ. నిద్రలేని మనిషి మర్నాడు నలభై ప్రాణాల్ని ఆ మలుపుల్లో దింపాలి. దిగేటప్పుడు ఇంజను పక్కన ఎవరూ కూర్చుని పాటలు పెట్టొద్దు. శీతాకాలంలో పొద్దు త్వరగా గుంకుతుంది, మంచు దిగుతుంది. మధ్యాహ్నం మూడున్నరకల్లా చివరి ఆగుడు ముగించుకుని బయల్దేరితే వెలుతురు ఉండగానే ఎస్.కోట చేరతారు. వాంతులయ్యేవాళ్లు డాక్టర్‌ని అడిగి తెచ్చుకున్న మాత్ర బస్సు ఎక్కడానికి అరగంట ముందు వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే ఫలితం ఉండదు.

తిండి

ఫారంలో "వెజ్జా, నాన్‌వెజ్జా" అని అడిగి ఊరుకోకండి. ఏం తినరు, ఏది పడదు, ఉపవాసం ఏమైనా ఉందా, మూడూ విడివిడిగా అడగండి. మన టిఫిన్ల చట్నీల్లో పల్లీలు, కూరల్లో నువ్వులు, జీడిపప్పు ఉంటాయి. పల్లీ పడనివాళ్లకి అది ప్రాణం మీదకి రావచ్చు. వంటవాళ్లకి చెప్పాలి, ఆ విద్యార్థి జట్టులోవాళ్లకీ చెప్పాలి.

కారం గురించి మనవాళ్లకో అపోహ ఉంది, విదేశీయులంటే చప్పిడి తిండే తింటారని. భూటాన్‌లో పచ్చిమిరపకాయల్నే కూరగా చీజ్‌తో వండుకుని రోజూ తింటారు. ఇథియోపియా వాళ్ల మసాలా మన కారప్పొడికి తీసిపోదు. వాళ్లకి ఆవకాయ ఇచ్చి చూడండి. వంట మధ్యస్థంగా చేయించి, కారం, పచ్చడి పక్కన పెడితే ఎవరికి కావలసింది వాళ్లు కలుపుకుంటారు.

ఇథియోపియా పిల్లల ఉపవాసానికి మన వంట భలే కలిసొస్తుంది. పప్పు, చింతపండు పులుసు, వంకాయ కూర, పులిహోర, అన్నీ తినొచ్చు. పప్పులో నెయ్యి తాలింపు మాత్రం వద్దు, నూనెతో వేయమనండి. చివర్లో పెరుగుకి బదులు రసం. వాళ్ల కోసం వేరే గిన్నె పెట్టి వేరుగా కూర్చోబెట్టకుండా అందరికీ అదే నూనె పప్పు పెట్టి, నెయ్యి విడిగా తిప్పితే సరిపోతుంది.

అరకు అంటే బొంగులో చికెన్. మసాలా పట్టించిన కోడిని వెదురు బొంగులో కూరి, నూనె చుక్క లేకుండా నిప్పుల మీద కాలుస్తారు. ముస్లిం విద్యార్థుల్లో హలాల్ అయితేనే తినేవాళ్లు ఉంటారు. బండి దగ్గర నిలబడి హలాలా కాదా అని వాదించే బదులు, ముందే మాట్లాడుకుంటే మనం తెచ్చిన కోడిని బొంగులో వండి ఇచ్చేవాళ్లు దొరుకుతారు. వెజిటేరియన్లకి వేరే బొంగు, వేరే పొయ్యి అడగండి.

కాఫీ దగ్గర కాస్త ఎక్కువ సమయం పెట్టుకోండి. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య పెంచుతారు. అరబికా పుట్టిందేమో ఇథియోపియా అడవుల్లో. అక్కడి ఇళ్లలో పచ్చి గింజల్ని అతిథుల ముందే పెనం మీద వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి మూడు విడతలుగా పోస్తారు. మీ గ్రూపులో ఇథియోపియా పిల్లలుంటే తోటల దగ్గర పచ్చి గింజలు కొని, సాయంత్రం ఆ పని వాళ్లకి అప్పగించండి. మా క్లబ్‌లో బోటనీ ల్యాబ్‌లో ఎప్పుడూ నోరు విప్పని ఒక సీనియర్, ఆ పెనం చేతికి రాగానే మమ్మల్నందర్నీ చుట్టూ కూర్చోబెట్టి, వేగుతున్న గింజల పొగ ఒక్కొక్కరి ముఖం దగ్గరికి తెచ్చి వాసన చూడమంది. తొందరపడి లేవబోయినవాళ్లని కూర్చోమంది. మూడో కప్పు తాగకుండా వెళ్లడం మర్యాద కాదట. ఆ సాయంత్రం నడిపించింది తనే. మేము కప్పులు కడిగాం.

సాయంత్రం ఏం ఆడాలి

అంత్యాక్షరి వద్దు. మనకెంత సరదా అయినా భాష రానివాళ్లు గంటసేపు చప్పట్లు కొడుతూ కూర్చోవాలి. డీజే పెట్టి గెంతడం కూడా నాకు నచ్చదు. రిసార్టులో ఇంకెవరో నిద్రపోతుంటారు, చుట్టూ ఊళ్లున్నాయి.

చింతగింజలు ఒక సంచీడు పట్టుకెళ్లండి. మన వామనగుంటలు ఆడించండి. గుంటల్లో గింజలు పంచుకుంటూ వెళ్లే ఈ ఆట టాంజానియాలో బావో, ఇథియోపియాలో గెబెటా, శ్రీలంకలో ఒలింద. నియమాల్లో తేడాలున్నాయి కానీ చెయ్యి పడే తీరు ఒక్కటే. మా అమ్మమ్మ ఇచ్చిన చెక్క పలక బయట పెట్టగానే టాంజానియా అబ్బాయి "ఇది మాది" అన్నాడు, శ్రీలంక అమ్మాయి "కాదు, మాది" అంది. తర్వాత రాత్రి పదిదాకా ఎవరి రూలు ప్రకారం ఆడాలన్నదాని మీదే పోట్లాట. అలాంటి పోట్లాట కోసమే ఇన్ని ఏర్పాట్లు చేసేది. పలక లేకపోతే మట్టిలో గుంటలు తవ్వినా సరే. ఏడు పెంకులాటకి కూడా భాషతో పనిలేదు, ఒక బంతి చాలు.

థింసా నాట్యం చూడాలనుకుంటే బృందంతో ముందే మాట్లాడి, వాళ్లు అడిగిన డబ్బు బేరం ఆడకుండా ఇవ్వండి. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలిపి వరుసగా ఆడే నాట్యం అది. వాళ్లు పిలిస్తేనే వరుసలో కలవాలి. ఆడవాళ్లని దగ్గర నుంచి ఫోటోలు తీసే ముందు అడగాలి.

భోజనాల దగ్గర మనవాళ్లు తెలియకుండానే తెలుగులోకి జారిపోతారు. ఎవర్నీ తప్పు పట్టనక్కర్లేదు, పక్కనున్నవాళ్లు ఇంగ్లిష్‌లోకి మళ్లిస్తే చాలు. చుట్టూ ఉన్న భాష అర్థం కాకుండా రెండు రోజులు గడపడం ఎంత అలసటో హైదరాబాద్, ఢిల్లీ దాటి వెళ్లిన మనవాళ్లని అడిగితే చెప్తారు.

రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. డిసెంబర్, జనవరిల్లో పది డిగ్రీల కిందికి పడిపోతుంది. వైజాగ్ ఉక్కకి అలవాటైనవాళ్ల దగ్గర స్వెటర్లు ఉండవు. హాస్టల్లో అడిగి నాలుగైదు అదనంగా పట్టుకెళ్లండి. దోమల క్రీము మర్చిపోవద్దు, ఏజెన్సీలో మలేరియా ఉంది. గదుల్లో ఎవరు ఎవరితో ఉండాలన్నది అందరి ముందూ అడగకుండా ఒక్కొక్కరినీ విడిగా అడిగి సర్దండి. నమాజు చేసుకునేవాళ్లకి కాస్త ఖాళీ స్థలం ఉండే గది ఇవ్వండి.

సెల్ఫీలు అడిగేవాళ్లు

బొర్రా గుహల దగ్గర, వ్యూ పాయింట్ల దగ్గర ఆఫ్రికా విద్యార్థుల చుట్టూ జనం మూగుతారు. అడగకుండా ఫోటో తీస్తారు, జుట్టు ముట్టుకుంటారు, రంగు మీద మాటలు విసురుతారు. ఆ మాటలు తెలుగులో ఉన్నా వాళ్లకి అర్థమవుతాయి. మన ఊళ్లో ఏళ్లుగా ఉంటున్నారు, చాలా పదాలు వాళ్ల చెవిన పడ్డాయి. ఈ విషయంలో నాకు చాలా పట్టుదల. నవ్వి సర్దుకుపొమ్మని వాళ్లకి చెప్పడం అన్యాయం. ట్రిప్‌కి ముందే ఒక్కొక్కరినీ అడగండి: సెల్ఫీ అడిగితే నీకు సరేనా, వద్దా? వద్దన్నవాళ్ల పక్కన ఇద్దరు తెలుగు పిల్లలు ఎప్పుడూ నడవాలి. "అన్నా, తనకి ఇష్టం లేదు, వద్దు" అని మర్యాదగా, గట్టిగా చెప్పాల్సింది మనమే. చాలామంది అర్థం చేసుకుని తప్పుకుంటారు. తప్పుకోకపోతే అక్కడి సిబ్బందిని పిలవండి.

బొర్రాలో మెట్లు తడిగా, జారుడుగా ఉంటాయి. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోమనండి. గుహలంటే భయపడేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైన ఆగిపోతే వాళ్లతో ఒక జట్టు ఉండాలి. గేటు దగ్గర కోతులుంటాయి, చేతిలో తిండి కనిపించకూడదు. సున్నపురాతిని గోస్తని నీళ్లు యుగాలుగా కరిగించి చేసిన గుహలివి. లోపల నీటి చప్పుడు వినిపించే చోట జట్టులోవాళ్లు ఒకరికొకరు గుర్తు చేసుకుంటారు, భీమిలిలో చూసిన నది ఇదేనని.

కొండల్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. కలుసుకునే చోటు, టైము కాగితం మీద రాసి జట్టుకొకటి ఇవ్వండి. అందులో 108, బస్సు డ్రైవర్ నంబరు, క్లబ్ ఇద్దరి నంబర్లు, బస పేరు తెలుగులో, ఇంగ్లిష్‌లో ఉండాలి. ఎవరైనా తప్పిపోతే దారిన పోయేవాళ్లకి ఆ కాగితం చూపిస్తారు.

తిరిగొచ్చాక

హాస్టల్ గేటు దగ్గర జట్ల లెక్క మరోసారి తీసుకుని, వార్డెన్‌కి ఫోన్ చేసి అందరూ వచ్చారని చెప్పండి. నగరం వేరే మూల ఉండేవాళ్లని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, ఎవరో ఒకరు గది దాకా దింపాలి. విదేశీ విద్యార్థుల ఆఫీసుకి మర్నాడు ఒక్క లైను మెయిల్ చాలు. ఫోటోలు గ్రూపులో పెట్టే ముందు ఎవరివి వాళ్లకి పంపి, వద్దన్నవి తీసేయండి. ఖర్చుల లెక్క మూడు రోజుల్లోపు బిల్లులతో సహా అందరికీ పంపి, మిగిలిన డబ్బు తలా ఎంత వస్తే అంత తిరిగి ఇచ్చేయండి. ఒక సెమిస్టర్ వాళ్లకి ముందు ఇవ్వండి, వాళ్లు ఊరు దాటాక పంపడం కష్టం. బస్సు యజమానికి ఏమైనా బాకీ ఉంటే ఆ రాత్రే కట్టేసి, డ్రైవర్ చేతికి విడిగా ఇవ్వాల్సింది ఇచ్చి పంపండి.